కరెంటు లేని చప్పుడు

ఫ్లాట్లలో చప్పుడు వినబడితే చాలు, ఎవరైనా తల పైకే ఎత్తుతారు. చప్పుళ్ళన్నీ పై ఇంటివాళ్ళే చేయాలని ఎవరో చట్టం రాసిపెట్టినట్టు సీలింగు వంక గుడ్లురిమి చూస్తారు. నాంపల్లి స్టేషన్ నుంచి అబిడ్స్ వైపు నడిస్తే ఎడమచేతి సందులో వచ్చే మంజుల అపార్ట్‌మెంట్స్‌లోనూ అదే ఆచారం. అందుకే మూడో అంతస్తులో జితేందర్‌కు పగటి నిద్ర పట్టడం లేదంటే, దానికి కారణం నాలుగో అంతస్తులో సౌభాగ్య కుట్టుమిషనే అని బిల్డింగంతా ఏకగ్రీవంగా నమ్మింది.

ఆ మిషన్ కూడా నమ్మడానికి తగ్గట్టే ఉంటుంది. కాలితో తొక్కే పాతరకం కాదు. బల్ల కింద మోటారు వేలాడుతూ, ఇనుప కాళ్ళ మీద గదికి అడ్డంగా నిలబడి ఉంటుంది. దాని మీద సౌభాగ్య కుట్టేది జాకెట్లూ లంగాలూ కాదు. హైకోర్టుకు పోయే లాయర్లు కోటు మీద వేసుకునే నల్ల గౌన్లు, ఏ కోర్టుకు పోయినా మెడకు కట్టుకునే తెల్ల బ్యాండ్లు. అబిడ్స్‌లో కరుణాకర్ షాపువాళ్ళు బట్ట ఇస్తారు, ఆమె కుట్టి ఇస్తుంది. నాంపల్లి కోర్టుల ముందు నుంచి ఆటోలో పోతున్నప్పుడు ఎవరి మెడలోనైనా బ్యాండు కనబడితే, రెండు కొసలూ సమంగా వేలాడుతున్నాయో లేదో మెడ సాచి చూసుకోవడం ఆమెకు అలవాటు. వంకరగా ఉంటే "నాది కాదు" అనుకుని హాయిగా వెనక్కి ఆనుకుంటుంది.

బుధవారం పొద్దున ఆమె గౌను భుజం మీద కుచ్చిళ్ళు పెడుతుండగా రెండో అంతస్తు సోమయాజులు వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. తపాలా శాఖలో రిటైరై బిల్డింగు అసోసియేషన్‌కు ప్రెసిడెంటైన మనిషి. మాట మెత్తన, రూలు గట్టి.

"అమ్మా సౌభాగ్యా, కమిటీ మాట చెప్పిపోదామని వచ్చాను. ఆదివారం మధ్యాహ్నం మా ఇంట్లో మీటింగు. ఎవరింట్లోంచి ఆ చప్పుడు వస్తోందో వాళ్ళు ఈలోగా ఆపుకోవాలి. ఆపలేకపోతే ఆ వస్తువును బిల్డింగులోంచి పంపించెయ్యాలి. ఎవరైనా సరే, మినహాయింపు లేదు."

"ఎవరైనా" అంటున్నప్పుడు ఆయన కళ్ళు మాత్రం మిషన్ మీదే ఉన్నాయి.

"గిది పోతే నా పని గూడ పోతది కద సార్," అంది సౌభాగ్య.

"నాకు తెలీదా అమ్మా. కానీ ఆ కుర్రాడి సంగతి కూడా చూడాలిగా."

ఆ కుర్రాడి సంగతి చూడాల్సిందే. జితేందర్ రాత్రంతా రైలు నడిపి పొద్దున వచ్చి పడుకుంటాడు. బెడ్రూములో ఉక్క, అందుకని హాల్లో కూలర్ ముందు నేల మీద పరుపు వేసుకుంటాడు. "నిద్ర చాలక ఇంజన్ ఎక్కితే, ఎనక పెట్టెలల్ల పండుకున్నోళ్ళ సంగతేంది అక్కా?" అని అతను అడిగితే సౌభాగ్యకు కూడా అదే న్యాయమనిపిస్తుంది. అతను వట్టి తగాదాకోరైతే ఆమె కొంగు బిగించి దిగేదే. మంచివాడు కావడమే ఆమె ప్రాణానికి వచ్చింది.

సాయంత్రం ఆమె భర్త బాలకిషన్ ఉస్మాన్‌గంజ్ నుంచి వచ్చాడు. అక్కడ గోనెసంచుల దుకాణంలో పని. వస్తూ వస్తూ ఒక మనిషి ఎత్తు గుడ్ల అట్టలు మోసుకొచ్చాడు.

"ఇవేందివి? కోళ్ళఫారం పెడుతున్నరా?"

"నువ్వు ఫికర్ చెయ్యకు. పాటలు రికార్డు చేసే రూములల్ల గోడలకు గివే కొడ్తరంట. వీడియోల చూసిన."

"గోడలకు కొడితే కిందింటికి చప్పుడు ఎట్ల ఆగుతది? జితేందర్ గోడల ఉంటడా?"

బాలకిషన్ అంతదూరం ఆలోచించలేదు. అయినా మోసుకొచ్చిన కష్టం వృథా పోవడం ఇష్టం లేక ఒక గోడ నిండా అంటించాడు. పూర్తయ్యాక ఇద్దరూ వెనక్కి నిలబడి చూశారు. గదికి ఎక్కడలేని అందం వచ్చింది. సౌభాగ్యకు ఏడుపు రావాల్సింది పోయి నవ్వు వచ్చింది. ఆ నవ్వుకు బాలకిషన్‌కు కూడా నవ్వు వచ్చి స్టూలు మీంచి పడబోయి ఆగాడు.

గురువారం కుట్టిన గౌన్లు మూట కట్టుకుని ఆమె అబిడ్స్ పోయింది. కరుణాకర్ మూట విప్పి, ఒక్కొక్క గౌనూ భుజాలు పట్టుకుని దులిపి చూసి, సోమవారానికి ఇంకో కట్ట కావాలన్నాడు. కొత్త లాయర్లు ప్రమాణం చేసే వారమట. ఆమె మొహం చూసి ఏమైందని అడిగాడు. చెప్పింది.

"గోడలు, సీలింగు విడిచిపెట్టు అమ్మా. మోటారు అదురు ఇనుప కాళ్ళల్లకెల్లి నేలల దిగుతది. ఎక్కడ దిగుతదో గాడనే పట్టాలె. మా మిషన్ల కాళ్ళ కింద చూడు," అన్నాడు.

ఆమె షాపులోనే వంగి చూసింది. ప్రతి కాలి కిందా మందపాటి నల్ల రబ్బరు ముక్క. ఇన్నేళ్ళుగా వస్తూ పోతూ ఆ వైపు ఒక్కసారైనా చూడలేదు. మనిషికి తన పని తప్ప పక్క పని కనబడదు కాబోలు అనుకుంది. దారిలో అలాంటి రబ్బరు షీటు చుట్ట కొనుక్కుని, చంకలో పెట్టుకుని, సిటీబస్సులో అందరికీ తగిలిస్తూ ఇల్లు చేరింది.

ఆ సాయంత్రం మొగుడూ పెళ్ళాం కలిసి మిషన్ ఎత్తారు. బాలకిషన్ ఒక్కో కాలు ఎత్తి పట్టుకుంటే సౌభాగ్య కింద సర్దింది. అడుగున మడతపెట్టిన గోనెసంచి, దాని మీద కొబ్బరిపీచు పట్టా ముక్క, పైన రెండు వరసల రబ్బరు. కాలు జారకుండా డబ్బా మూత తిరగేసి అందులో నిలబెట్టింది. తర్వాత ఒక స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పోసి పక్కన నేల మీద పెట్టి మోటారు వేసింది. అంతకుముందు అలా పెడితే నీళ్ళ మీద సన్నటి వలయాలు లేచేవి. ఇప్పుడు నీళ్ళు కదల్లేదు.

"చూసిన్రా? చూసిన్రా?" అంటూ సౌభాగ్య ఆ గ్లాసును నాలుగు వైపులా పెట్టి చూపించింది. బాలకిషన్ చూసీ చూసీ చివరికి ఆ నీళ్ళు తాగేశాడు.

శుక్రవారమంతా ఆమె గుండె నిండా ధైర్యంతో కుట్టింది. సాయంత్రం డ్యూటీకి పోయే ముందు జితేందర్ పైకి వచ్చాడు. మెచ్చుకోవడానికే వచ్చాడనుకుని ఆమె ఎదురుపోయింది. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అక్కా, ఇయ్యాల గూడ గట్లనే ఉన్నది. మధ్యాహ్నం అన్నాల యాళ్ళకు షురూ ఐతది. గర్ర్... టక్. గర్ర్... టక్. నిద్రలకెల్లి గుంజి లేపుతది."

"అన్నాల యాళ్ళకు నేను గూడ అన్నమే తింటున్న తమ్మీ. మిషన్ ఆపే ఉన్నది."

"మరి నాకేమన్న పిచ్చి లేసిందా?"

"నేనేమన్న అబద్ధం చెప్తున్ననా?"

అతను తల దించుకుని, "ఏమో అక్కా," అని మెట్లు దిగాడు. లిఫ్టు దగ్గర నిలబడి ఇదంతా విన్న సోమయాజులు, "అమ్మా, పంతానికి పోకు. ఆదివారం ఇంకెంతో దూరం లేదు," అని మెత్తగా అని వెళ్ళాడు. ఆ మెత్తదనానికే ఆమెకు ఒళ్ళు మండింది. చప్పుడు చేస్తున్నావంటే పడింది. అబద్ధమాడుతున్నావని అనకుండానే అనడం మాత్రం ముల్లులా దిగింది. ఆ పూట ఆమె గౌను ముట్టుకోలేదు. మిషన్ చక్రం మీద చెయ్యి వేసి, ఎవరో వచ్చి తీసుకుపోతారన్నట్టు అలాగే చాలాసేపు కూర్చుంది.

శనివారం పొద్దెక్కగానే కరెంటు పోయింది. సందు చివర ట్రాన్స్‌ఫార్మర్ మారుస్తున్నారట, సాయంత్రం దాకా రాదన్నారు. సౌభాగ్య మిషన్ మీద ముసుగు కప్పేసి, కిటికీ దగ్గర కూర్చుని సూదితో బ్యాండ్ల అంచులు మలుస్తోంది. అన్నం తిని మళ్ళీ సూది అందుకుందో లేదో, మెట్ల మీద ధనధనమని అడుగులు వినబడ్డాయి. తలుపు తీసే ఉంది. జితేందర్ లుంగీ మీద, భుజాన తువ్వాలతో, ఆయాసపడుతూ లోపలికి వచ్చాడు.

"దొరికిన్రు అక్కా! ఇప్పుడు చెప్పున్రి!"

సౌభాగ్య సూది నోట్లో పెట్టుకుని అతని వంక చూసింది. అతను ముసుగు వేసిన మిషన్ వంక చూశాడు. తర్వాత ఆమె చేతిలో బ్యాండు వంక. గోడ మీద గుడ్ల అట్టల వంక కాసేపు ఎక్కువే చూశాడు.

ఆమె నోట్లోంచి సూది తీసి, "కరెంట్ లేదు తమ్మీ," అంది.

అతను తల ఎత్తి కదలని ఫ్యాను చూశాడు. లిఫ్టు లేక మెట్లెక్కి వచ్చిన మనిషికి ఆ సంగతి అప్పుడు తట్టింది.

"కూలర్ బందైతే మెలకువొచ్చింది. కూలర్ లొల్లి లేకపోయేసరికి ఇంక సాఫ్‌గ వినబడ్డది. మరి ఆ చప్పుడేంది?"

"ఇప్పుడు గూడ వస్తున్నదా?"

"ఇప్పుడే విని లేసొస్తున్న."

"నడువు," అని సౌభాగ్య బ్యాండును కొంగుకు గుచ్చుకుని లేచింది.

జితేందర్ హాల్లో పరుపు నలిగి ఉంది. సౌభాగ్య గది మధ్య నిలబడి చెవులు రిక్కించింది. సన్నగా ఏదో వినీ వినబడనట్టు ఉంది. పరుపు మీద కూర్చుంది. కొంచెం పెరిగింది. కరుణాకర్ షాపులో వంగి చూసిన సంగతి గుర్తొచ్చి ఆమె ఉన్నపళాన వంగి బండల మీద చెవి ఆనించింది.

గర్ర్... టక్. గర్ర్... టక్.

"తమ్మీ, గిటు రా. నువ్వు గూడ పండుకో."

అతను అటువైపు నేల మీద చెవి ఆనించాడు. ఇద్దరూ ఎదురెదురుగా బోర్లా పడుకుని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ చప్పుడు రాళ్ళలోంచి నేరుగా దవడలోకి వస్తోంది.

"అక్కా," అన్నాడు జితేందర్ నెమ్మదిగా, "ఇది పైకెల్లి గాదు."

"కిందికెల్లి."

"ఇన్ని రోజుల సంది నేను సీలింగును తిట్టుకుంట పండుకున్న!"

సౌభాగ్యకు నవ్వు ఆగలేదు. నేల మీదే ఒత్తిగిలి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. రాత్రంతా గుండెలో ఉన్న ముల్లు ఆ నవ్వుతోనే ఊడి వచ్చింది. జితేందర్ కూడా నవ్వుతూనే, "మాఫ్ చెయ్యున్రి అక్కా, మిమ్మల్ని అబద్ధాలకోరు లెక్క చూసిన," అన్నాడు.

ఇద్దరూ రెండో అంతస్తుకు దిగారు. ఫ్యాను లేదని సోమయాజులు ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. హాలు మధ్యలో టేకు ఉయ్యాలబల్ల, నాలుగు ఇనుప గొలుసులు, సీలింగుకు బిగించిన కొక్కేలు. బల్ల మీద ఆయన, పక్కన ఆయన భార్య కామాక్షి. ఉక్కపోతకు ఆయన మడమతో నేలను గట్టిగా తన్నుతూ మామూలుకంటే జోరుగా ఊగుతున్నాడు. ఉయ్యాల ముందుకు పోయినప్పుడు కొక్కెంలో గొలుసు రింగు ఒరుసుకుంటూ పక్కకు జరిగి, వెనక్కి వచ్చినప్పుడు టక్కున తన చోట కూర్చుంటోంది. కింద కూర్చున్నవాళ్ళకు అది చిన్న కిర్రు మాత్రమే. ఆ కొక్కేలు దిగింది మాత్రం జితేందర్ పరుపు కింది స్లాబులోకి.

"రండి రండి. మళ్ళీ ఏమైనా గొడవా?" అన్నాడు సోమయాజులు ఊగుతూనే.

జితేందర్ నోరు తెరవబోయాడు. సౌభాగ్య అతని మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది.

"తమ్మీ, నువ్వు పైకి పో. చప్పుడు వినబడ్డప్పుడల్ల నేల మీద ఒక్కటి కొట్టు. ఆగితే కొట్టకు."

అతను పరుగెత్తాడు. కాసేపట్లో సీలింగు మీద ధన్ మని మోగింది. ఉయ్యాల ఇంకోసారి ఊగింది. మళ్ళీ ధన్. సోమయాజులు చూపుడువేలు పైకెత్తి, "విన్నారా! ఇదే! ఈ చప్పుడు గురించే నేను నాలుగు రోజులుగా మొత్తుకుంటోంది!" అన్నాడు.

"ఔ సార్. జర ఉయ్యాల ఆపుతరా?"

ఆయన కాలు ఆనించి ఆపాడు. పైన చప్పుడు లేదు.

"ఇప్పుడు ఊగున్రి."

ఊగాడు. ధన్.

"ఆపున్రి."

ఆపాడు. నిశ్శబ్దం. ఆయన ఒకసారి సీలింగు వంక, ఒకసారి తన పాదం వంక చూసుకున్నాడు. నమ్మకం కుదరక మడమతో చిన్నగా, దొంగతనంగా ఒక్క తోపు తోశాడు. పైన చిన్నగా ధన్ మంది.

ముందు అర్థమైంది కామాక్షికే. ఆవిడ పైటచెంగు కళ్ళకు అద్దుకుంటూ నవ్వడం మొదలుపెట్టింది. "ఏమండీ, మీరేనండీ! బిల్డింగంతా వెతుకుతున్న దొంగ మీరేనండీ!" అంటూ ఆయన భుజం మీద కొట్టి మరీ నవ్వింది.

సోమయాజులు నవ్వలేదు. ఉయ్యాల దిగి నిలబడ్డాడు. మొహం ఎర్రబడింది. "ఎవరైనా సరే మినహాయింపు లేదని నా నోటితో నేనే అన్నాను. నాకు మాత్రం మినహాయింపేమిటి? రేపు పొద్దున్నే మనిషిని పిలిచి దింపించేస్తాను," అన్నాడు.

కామాక్షి నవ్వు ఆగిపోయింది. "దింపించేస్తారా?" అంది. ఆవిడ చెయ్యి తనకు తెలియకుండానే గొలుసు మీదికి పోయింది. సౌభాగ్య వైపు తిరిగి, "ఈయన నా మాట చెవిని పెట్టేది ఈ బల్ల మీద కూర్చున్నంతసేపేనమ్మా. కింద దిగితే పేపరూ, కమిటీనూ," అంది చిన్నగా.

సౌభాగ్య ఆ చెయ్యినే చూస్తోంది. నిన్న సాయంత్రం మిషన్ చక్రం మీద తన చెయ్యి కూడా అచ్చం అలాగే ఉంది. గెలిచానని గంతు వేయాల్సిన క్షణంలో ఆమెకు ఆవిడ మీద ఎంతో జాలి వేసింది.

"దించుడెందుకు సార్? ఉయ్యాల ఉంచి చప్పుడు దించుదాం. నాలుగు రోజుల సంది నాకు గిదే పని కద. రబ్బరు గూడ మిగిలింది," అంది.

సోమయాజులు ఆమె మొహంలోకి సూటిగా చూడలేక, "నీ మాట నమ్మి ఉండాల్సిందమ్మా," అన్నాడు.

"పోనీయున్రి సార్. అందరం పైకే చూసినం."

ఆదివారం పొద్దున, జితేందర్ డ్యూటీ నుంచి రాకముందే పని మొదలైంది. బాలకిషన్ నిచ్చెన ఎక్కాడు. నిచ్చెన పట్టుకున్నది సాక్షాత్తూ ప్రెసిడెంటే. గొలుసులు దింపి, కొక్కేల తుప్పు గీకి, రబ్బరును ఉంగరాల్లా కోసి కొక్కేనికీ రింగుకూ మధ్య ఇరికించి, గ్రీజు పట్టించారు. గొలుసు లింకులు ఒకదానికొకటి తగలకుండా సౌభాగ్య మిగిలిన గౌను బట్టతో నాలుగు పొడుగాటి తొడుగులు కుట్టి తెచ్చింది, లోపల దూది కూరి. కుట్టేటప్పుడు చెయ్యి ఊరుకోక పై కొసన కుచ్చిళ్ళు కూడా పెట్టింది. కామాక్షి ముచ్చటపడి, సూదితో మలిచిన తెల్ల బ్యాండు ఒకటి అడిగి తీసుకుని ముందు గొలుసుకు కట్టింది.

"నలుగురు లాయర్లు కలిసి మోస్తున్నట్టుంది," అన్నాడు సోమయాజులు. అప్పటికి ఆయనకు నవ్వు వచ్చింది.

కూర్చుని ఊగి చూశాడు. కిర్రు లేదు, టక్కు లేదు. ఆయన కాస్త దిగాలుగా, "ఆ కిర్రు వింటూనే నాకు కునుకు పట్టేది. ఇప్పుడెలాగ?" అన్నాడు.

"నేను మాట్లాడుతూ ఉంటాలెండి. అది మాత్రం కిర్రుకేం తీసిపోతుంది?" అంది కామాక్షి.

మధ్యాహ్నం అన్ని అంతస్తులవాళ్ళూ వచ్చారు. తీర్పు ఎలా ఉంటుందోనని మొహాలు గంభీరంగా పెట్టుకుని గోడల వెంట కూర్చున్నారు. సోమయాజులు లేచి గొంతు సవరించుకున్నాడు. "చప్పుడు సౌభాగ్యది కాదు. నాది. నా ఉయ్యాలది. ఆ అమ్మాయి నిజం చెబుతున్నా నేను నమ్మలేదు. మీ అందరి ముందూ తప్పు ఒప్పుకుంటున్నాను. ఉయ్యాలను బాగుచేసి నా పరువు నిలిపింది కూడా ఆ అమ్మాయే," అన్నాడు. నలుగురిలో విన్న ఆ మాటకు సౌభాగ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటిని దాచుకోవాలని ఆమెకు అనిపించలేదు.

మొదటి అంతస్తు విద్యావతి ఊరికే నమ్మే మనిషి కాదు. "బాగైందో లేదో మేము చూడొద్దా?" అని ఉయ్యాల ఎక్కింది. ఆవిడ దిగగానే ఇంకొకరు. కాసేపటికి మీటింగు పోయి వరస కట్టడం మొదలైంది. ఇద్దరు, ముగ్గురు కలిసి ఊగి చూశారు. బాలకిషన్ అయితే తనే కనిపెట్టినట్టు మోకాళ్ళు ముడిచి మరీ ఊగాడు. ఆఖరికి కామాక్షి సౌభాగ్యను లాక్కొచ్చి తన పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఇంతకీ ఫిర్యాదు చేసినాయన రాలేదేం?" అంది విద్యావతి.

అప్పుడే జితేందర్ భార్య స్నేహ తలుపు దగ్గర చెప్పులు విడుస్తోంది. "పొద్దున్నొచ్చి పండుకున్నడు. మీటింగున్నదని రెండుసార్లు లేపిన. లేస్తలేడు," అంది.

ఉయ్యాల మీద ఇద్దరు ఊగుతున్నారు. చుట్టూ బిల్డింగంతా ఉంది. సరిగ్గా వాళ్ళ నెత్తి మీద జితేందర్ నిద్రపోతున్నాడు.

"పోయి పిలుచుకొస్తా," అని ఎవరో లేచారు.

"వద్దు!" అన్నారు అందరూ ఒక్కసారి. అన్నాక అంత గట్టిగా అన్నందుకు బెదిరిపోయి అందరూ పైకి చూశారు. పైన చడీచప్పుడు లేదు.

"జర పండనియ్యున్రి," అంది సౌభాగ్య గుసగుసగా.

అక్కడినుంచి అందరూ గుసగుసలే. సోమయాజులు మీటింగు ముగిసిందని కూడా గొంతు తగ్గించి ప్రకటించాడు. పై అంతస్తులవాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని, మునివేళ్ళ మీద, నవ్వాపుకుంటూ మెట్లెక్కారు.

సోమవారానికి ఇవ్వాల్సిన గౌన్లు ఇంకా మిగిలే ఉన్నాయి. సౌభాగ్య ఇంటికి వచ్చి మిషన్ ముసుగు తీసింది. నల్లబట్ట పరిచి, భుజం కుచ్చిళ్ళు వేలితో నొక్కిపెట్టి, సూది కిందికి తోసింది. మోటారు వేయబోయి ఎందుకో ఆగింది. బాలకిషన్ వింతగా చూస్తుండగా కుర్చీ దిగి, వంగి, నేల మీద చెవి ఆనించింది. కింద నుంచి సన్నగా, నిదానంగా గురక వినబడుతోంది.

ఆమె చప్పుడు కాకుండా లేచి, కూర్చుని, మోటారు వేసింది. ఒక వరస కుట్టి ఆపి, మళ్ళీ వంగి విన్నది. గురక ఆగలేదు.